ముడతపడని సీటు

"ఇదేం కుట్టయ్యా వెర్నన్, తాగినోడి నడకలా!" బేకర్స్‌ఫీల్డ్ పాతకార్ల పోటీలో మా పక్కింటాయన కారు సీట్లు చూసి నవ్వాను.

"సొంతంగా కుట్టుకున్నా. మూడొందల డాలర్లయింది."

"తెలుస్తూనే ఉందిలే! నావి కుట్టించడానికి పన్నెండు వేలు."

"ఓసారి కూర్చోనా?"

"చెయ్యి కూడా వెయ్యకు! ముడతపడితే బహుమతి పోతుంది. అందుకే కారు నడపకుండా లారీ మీద ఎక్కించి తెచ్చా."

పొద్దుట్నుంచీ ఎండలో నిలబడ్డ మా ఆవిడ లొరేన్, వెర్నన్ కారెక్కి కూలబడి చెప్పులు విప్పేసింది.

"వెళ్ళేటప్పుడు నన్నూ ఇంటి దగ్గర దింపెయ్యి అన్నయ్యా."

"దాంట్లోనా? నా పరువు తీస్తావా?" అని కసిరాను.

"నీ దాంట్లో నన్నెప్పుడు కూర్చోనిచ్చావు?"

సాయంత్రం మొదటి బహుమతి నాకే వచ్చింది. అప్పటికే వాళ్ళు వెళ్ళిపోయారు. కప్పుని నా కారు సీటు మీద పెట్టబోయి, గీత పడుతుందని ఆగాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కణ్ణే లారీ తోలుకొచ్చాను.