టీకా వేయని రెండు దూడలు

“అన్నీ బతికాయి మేడమ్!” గుమ్మంలోంచే కేకేశాడు, దూడల షెడ్డు చూసుకునే బాబాయ్. “టీకా వేయని ఆ రెండూ కూడా! గడ్డి పరపరా నమిలేస్తున్నాయి.”

మేడమ్ టీ కప్పు కిందపెట్టేసింది. పశువుల్ని చంపే గొంతువాపు రోగపు క్రిమి ఒంటిమీది ఒకే ఒక్క ప్రోటీన్‌ని విడదీసి ఆమె ఆ టీకా తయారుచేసింది. అది కాపాడుతుందో లేదో తేల్చడానికి దూడలన్నిటికీ క్రిమిని ఎక్కించారు.

“ఆ రెండూ చావాలి బాబాయ్. అవి చస్తేనే మిగతావాటిని టీకా కాపాడినట్టు. అవీ బతికాయంటే మనం ఎక్కించిన క్రిమిలోనే పస లేదు. చేసిందంతా మట్టికొట్టుకుపోయింది.”

“పోనీలెండి, వీటినైనా వదిలేస్తారుగా?”

“క్రిమి ఎక్కించాక ఒక్కటి కూడా షెడ్డు దాటకూడదు. సాయంత్రానికల్లా అన్నిటికీ ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చెయ్యాలి. కొత్తవి తెప్పించి మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి.”

“ఇలా ఎన్నాళ్ళు మేడమ్?”

“టీకా వెయ్యనివి చచ్చేదాకా.”

బాబాయ్ షెడ్డుకేసి నడిచాడు. క్రిమి ఎక్కించిన రోజు ఆ రెండిటి మెడలూ నిమిరి, “బతకండమ్మా” అని చెవిలో చెప్పింది తనే.

కొత్త దూడలొచ్చాయి. రెండిటిని వదిలి మిగతావాటికి టీకాలు వేశారు. అవి ఒంటబట్టాక, అన్నిటికీ మళ్ళీ క్రిమి ఎక్కించి మేడమ్ వెళ్ళిపోయింది.

టీకా వేయని రెండిటి మధ్యా బాబాయ్ చతికిలబడ్డాడు. ఒకటి అతని చొక్కా అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. దాని చెవి దగ్గరికి వంగాడు.

“ఈసారి చచ్చిపోండమ్మా. మీరిద్దరూ పోతే, ఇంకెవర్నీ తీసుకురారు.”