పసుపు గుడ్డ

"లింబాద్రీ, ఆ గుడ్డ మళ్ల వేలాడుతున్నది సూడు" అన్నాడు గయాజ్.

లింబాద్రి చీపురు పక్కన పెట్టి అటు చూశాడు. చివరి విల్లా తలుపు పక్కన పసుపు గుడ్డ.

ఖతర్‌లో, అల్ వుకైర్‌లోని ఆ విల్లాల కాంపౌండులో ఊడ్చేదీ, చెట్లకు నీళ్లు పెట్టేదీ లింబాద్రే. గయాజ్ సూపర్‌వైజర్. ఇద్దరిదీ నిజామాబాద్ వైపే. ఇళ్ల ముందు బట్టలు వేలాడకూడదని ఓనరు రూలు. రూలు ఓనరుది, తిట్లు లింబాద్రివి.

"నిన్న నేనే విప్పి చేతికిచ్చిన భాయ్. ఆ జపాన్ తాత ఇంటే కద."

"ఓనరు కండ్ల వడ్డదనుకో, నీ డ్యూటీ మాఫీ. వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి తోలుతడు. తర్వాత నన్ను అనొద్దు."

ఊళ్లో గోడల దాకా లేచి ఆగిపోయిన ఇల్లు లింబాద్రి కళ్ల ముందు మెదిలింది.

తాత కొడుకు మెసయీద్ ప్లాంటులో ఇంజనీరు. ఈమధ్యే తండ్రిని తెచ్చుకున్నాడు. కొడుకు డ్యూటీకి పోతే ఇంట్లో ముసలాయన ఒక్కడే. పొద్దున్నే గుడ్డ కడతాడు, ఎవరూ విప్పకపోతే చీకటి పడేముందు తానే విప్పుకుని లోపలికి పోతాడు. ఆరేశాడనుకుందామంటే అది తడి గుడ్డ కూడా కాదు.

"పెండ్లివారిల్లు అనుకుంటున్నవా తాతా, పసుపు గుడ్డ కట్టుడేంది" అంటూ లింబాద్రి రోజూ దాన్ని విప్పి ఇచ్చేవాడు.

తాతకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నడుము వంచి దణ్ణం పెట్టేవాడు. మర్నాడు మళ్లీ మామూలే.

ఒకరోజు తాత ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. కొండల నడుమ చిన్న ఊరు. వరి పొలాలు. ఇంటింటి తలుపుకూ ఒక పసుపు గుడ్డ. తర్వాతి ఫొటోలో అదే వీధి, గుడ్డలు కొన్నే. చివరి ఫొటోలో ఒక్క ఇంటికే ఉంది.

"మా ఊరి లెక్కనే ఉన్నది, మనుషులే కనవడ్తలేరు" అన్నాడు లింబాద్రి.

తాత గుడ్డను చూపించాడు. లింబాద్రి కళ్లవైపు వేలు చూపించి, ఆ చేయి తన గుండె మీద వేసుకున్నాడు.

"ఏమంటుండు భాయ్?" అని అటుగా వచ్చిన గయాజ్‌ను అడిగాడు.

"నా గుడ్డ మీద నీ కన్నెందుకు అంటుండు" అన్నాడు గయాజ్.

లింబాద్రికి ఒళ్లు మండింది. గుడ్డను విప్పి మెట్ల మీదికి విసిరేశాడు. తాత వంగి తీసుకుని, దులుపుకుని, అప్పుడు కూడా దణ్ణం పెట్టాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున తలుపు పక్కన గుడ్డ లేదు.

"ఎట్లనో బుద్ధొచ్చింది" అనుకుని లింబాద్రి ఊడ్చుకుంటూ ముందుకు పోయాడు. మర్నాడూ లేదు. గయాజ్ సంతోషంగా చాయ్ తాగించాడు.

ఆ సాయంత్రం అంబులెన్స్ వచ్చింది.

ప్లాంటులో షట్‌డౌన్ పని ఉండి కొడుకు రెండు రోజులు అక్కడే ఉండిపోయాడట. తండ్రి ఫోన్ ఎత్తడం లేదని ఆదరాబాదరాగా వచ్చాడు. అప్పటికే తాత స్నానాల గదిలో జారిపడి చనిపోయి ఉన్నాడు. పడ్డాక కూడా చాలాసేపు ప్రాణం ఉండిందని డాక్టరు అన్నాడట.

కొడుకు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పసుపు గుడ్డ. అతను ఇంగ్లీషులో చెబుతుంటే గయాజ్ తెలుగులో చెప్పాడు.

"పొద్దుగాల ఇది కడితె, నేను బతికే ఉన్న అని గుర్తంట. వాళ్లూళ్లె అందరు ముసలోళ్లే. ఇంటికొక్కరు. ఒక్కొక్కరే పోయి ఊరు ఖాళీ అయ్యిందంట. తాత గుడ్డ సూసెటోళ్లు లేరని ఈడికి తెచ్చుకున్నడంట."

లింబాద్రి ఆ ఒళ్లోని గుడ్డ వైపు చూశాడు.

"ఈడ ఒకాయన రోజూ తప్పకుండ వచ్చి సూస్తుండు, రంది వెట్టుకోకు అని మొన్ననే కొడుకుకు చెప్పిండంట" అన్నాడు గయాజ్, అతని ముఖం చూడకుండా.

లింబాద్రి ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. మెల్లగా అడిగాడు.

"మరి వాళ్లూళ్లె, పొద్దుగాల గుడ్డ కనవడకపోతె ఏం చేస్తరంట?"

గయాజ్ కొడుకును అడిగాడు. జవాబు విని లింబాద్రి వైపు తిరిగాడు.

"పోయి తలుపు కొడతరంట. రోజూ ఊరంత తిరిగి, గుడ్డ లేని ఇంటి తలుపు కొట్టెటోడు ఈ తాతేనంట."