ఆఖరు లేని కథలు

నాలుగో తరగతి పిల్లలు చదవాలని స్కూలువాళ్లు సూచించిన కథల పుస్తకాల కోసం సహస్ర వచ్చినప్పుడే స్నేహలత గుర్తుపట్టింది. తనను వెళ్లగొట్టి మరో పెళ్లి చేసుకున్న భర్తకు పుట్టిన కూతురు. అచ్చం అతని పోలికే.

మెదక్ చర్చి దారిలో స్నేహలతది పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణం. ఆ పిల్లకు ఇచ్చే ప్రతి పుస్తకంలోనూ చివరి పేజీలు చింపేసింది. ఆ ఇంట్లో ఒక్క కథయినా సుఖంగా ముగియకూడదనుకుంది.

ఓ రోజు పుస్తకం తిరిగిస్తూ సహస్ర నవ్వింది.

“పేజీలు లేకున్నా మంచిగనే ఉంటుంది ఆంటీ. మిగిలిన కథ మా డాడీ చెప్తుండు. మిమ్మల్ని ఏం అడగొద్దన్నడు.”

“ఏమని చెప్తుండు?”

“ఏ కథైనా ఆఖరుకు రాజు అడవికి పోతడు. తను ఎల్లగొట్టిన పెద్దరాణి కాళ్లు పట్టుకొని, తప్పయింది, మాఫ్ చెయ్యమంటడు.”

“రాణి ఏమంటది?”

“గది చెప్పడు. తెల్వదంటడు.”

స్నేహలత ఆ పుస్తకాన్ని అరలో పెట్టింది. తర్వాత పిల్ల తల నిమిరింది.

“రాణి మాఫ్ చెయ్యలేదని చెప్పు బిడ్డా, మీ డాడీకి.”