తగ్గిందా అమ్మా?

మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది చదువు ఇప్పుడు పుస్తకంతో మొదలు కాదు, పట్టీతో మొదలవుతుంది. ఒక పట్టీ రోగి చేతికి, ఇంకొకటి విద్యార్థి చేతికి కడతారు. రోగి నొప్పి అలాగే విద్యార్థి ఒంట్లోకి కూడా వస్తుంది. రోగి తన నోటితో "తగ్గింది" అంటేనే పట్టీ వదులుతుంది. అదేం చిక్కు కాదు. డాక్టరు అడిగితే మనవాళ్లు తగ్గకపోయినా మొహమాటానికి తగ్గిందనే అంటారు.

కిడ్నీలో రాయితో మెలికలు తిరుగుతున్న సుగుణమ్మ, వార్డు తలుపు మీద ప్రొఫెసర్ పేరు చదివాక నొప్పి తగ్గించే ఇంజెక్షన్ వద్దంది.

"పిల్లలకు ముందుగాల పెద్దసారే కట్టుకొని చూపియ్యాలె."

కొత్త పిల్లల ముందు కాదనలేక ప్రొఫెసర్ విద్యాధర్ నవ్వుతూ పట్టీ కట్టుకున్నాడు. మరుక్షణమే నడుం పట్టుకుని మంచం మీదికి ఒరిగిపోయాడు.

"తగ్గిందా అమ్మా?"

"లేదు సారూ."

"అమ్మా... తగ్గిందా?"

ఆమె ఒళ్లంతా చెమటలు కారుతున్నాయి. పళ్లు బిగబట్టి అతని కళ్లలోకి చూసింది.

"నా బిడ్డ స్రవంతి కడుపునొస్తుందని మీ కాళ్లు పట్టుకుంది. పరీక్షలకు భయపడి యాక్టింగ్ చేస్తుందని ఇంటికి తోలితిరి. ఇల్లు చేరకముందే పానం పోయింది. యాదికుందా?"

అతను నేల మీదికి జారాడు. "ఉంది... చచ్చిపోతున్నా, ఆ ఒక్క మాట అనవమ్మా!"

ఒక విద్యార్థిని కంగారుగా పరుగెత్తుకొచ్చింది. సుగుణమ్మ ఆ పిల్ల చేయి మెల్లగా పట్టుకుని ఆపింది.

"భయపడకు బిడ్డా, సారుకు ఏం గాలేదు. యాక్టింగ్ చేస్తుండు."