రెండో పట్టీ

షుగరు అంచుకొచ్చినవాళ్ల ఇళ్లలో, చేతిపట్టీలో రోజుకి ఆరువేల అడుగులు పడేదాకా అన్నం కుక్కరు మూత తెరుచుకోదు. డాక్టర్లు పెట్టిన కట్టడి అది. కుర్చీ వదలని మొగుడు వీరాస్వామి పట్టీ కూడా తనే కట్టుకుని, నాంచారమ్మ మూడేళ్లుగా డాబా మీద తిరుగుతోంది.

ఆవేళ మందుల షాపు సుభాషిణి పరీక్షకొస్తోందనగానే, ఎప్పట్లాగే అతని పట్టీ అతనికి తగిలించింది. సుభాషిణి ఇద్దరి వేళ్లూ పొడిచి చూసింది.

"నీకు తగ్గిపోయింది పిన్నీ!" అంటూ ఆమె పట్టీ కత్తిరించేసింది. నాంచారమ్మ బోసి మణికట్టు తడుముకుని మురిసిపోయింది.

"బాబాయికే ఎంత నడిచినా దిగట్లేదు. తగ్గకపోతే అడుగులు పన్నెండు వేలు చెయ్యమన్నారు డాక్టరుగారు, మార్చేశాను."

సుభాషిణి గుమ్మం దాటగానే వీరాస్వామి తన పట్టీ విప్పి పెళ్లాం చేతికి తొడిగాడు.

"ఇంక నీకు తీరికేగా! త్వరగా కానియ్యి, ఆకలేస్తోంది," అంటూ కంచం ముందేసుకుని కూర్చున్నాడు.