పదిహేడు తర్వాత

తెర మీద ఆమె మెడ చుట్టూ రెండు చేతులు. కుడిచేతి వేలికి నల్లరాయి ఉంగరం.

నిన్ను తప్ప ఎవరినీ ప్రేమించలేదంటోంది ఆమె, ఎవరిదో తీయని ఇటాలియన్ గొంతుతో.

ఆ మాటలు ఇంగ్లీషులోకి మార్చి, పెదవులు వాటికి సరిపోయేలా కదిలించడం నా ఉద్యోగం. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఇంట్లోనే కూర్చుని చేస్తాను, పక్కన చల్లారిపోయిన కాఫీతో.

నటి పేరు అన్నెగ్రెట్. జర్మన్ మనిషి. ఇటలీలో ముప్పై రెండు సినిమాలు, ఎనిమిదేళ్లు టీవీ సీరియళ్లు. ఒక్కదాంట్లోనూ ఆమె సొంత గొంతు లేదు.

అప్పట్లో అక్కడ మాటలన్నీ తర్వాత అతికించేవారు. భాష రాని నటి కెమెరా ముందు అంకెలు లెక్కపెట్టినా సరిపోయేది. మన సినిమాల్లో బొంబాయి హీరోయిన్ల గురించి ఇలాంటి కబుర్లు బోలెడు విన్నాను కాబట్టి నవ్వుకున్నాను.

మా సాఫ్ట్‌వేర్ పెదవులు చదువుతుంది. ప్రేమ సీన్లో ఒకటి నుంచి ఇరవై. ఏడుపు సీన్లో ఒకటి నుంచి నలభై. అన్నీ జర్మన్‌లో.

మెడ పట్టుకున్న ఈ సీన్లో పదిహేడు దాకా లెక్కపెట్టింది.

ఆ తర్వాత అంకెలు లేవు.

"వదులు. నిజంగానే నొక్కుతున్నావు. ఎవరైనా రండి."

ఎవరూ రాలేదు. సీన్ ఇంకో పదకొండు సెకన్లు నడిచింది. ఆ సినిమాకి ఆమెకు అవార్డు కూడా వచ్చింది.

మా మేనేజర్ రాధాకృష్ణగారికి ఫోన్ చేశాను. ఓపిగ్గానే విన్నారు.

"యాభై ఏళ్ల కిందటి సంగతి దేదీప్యా. ఫ్రైడే డెలివరీ. నీ వీసా ఎక్స్‌టెన్షన్ కూడా ఫైల్ చేయాలి కదమ్మా, ఇప్పుడివన్నీ ఎందుకు?"

నేను పెదవులు మార్చేస్తే ఆ మాటలు ఇక ఎవరి కంటా పడవు.

అయితే మాకో నియమం ఉంది. ముఖం మార్చేముందు నటి ఒప్పుకోలు వీడియో కాల్‌లో రికార్డు చేయాలి. ఆమె ఇప్పుడు భర్తతో క్యారీలోనే ఉంటోందట, మా ఇంటికి పదిహేను నిమిషాలు. ఆమెనే అడుగుదామనుకున్నాను.

మధ్యాహ్నం కాల్ కలిసింది. సోఫాలో ఆమె కూర్చుని ఉంది. వెనక ముసలి భర్త నిలబడ్డాడు.

గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోయిందని, ఆమె తరఫున తానే మాట్లాడతానని ఆయన మర్యాదగా చెప్పాడు. ఆ సీన్ గురించి అడిగాను. తామిద్దరూ కలిసి చేసిన మొదటి సినిమా అదేనని మురిసిపోయాడు.

అప్పుడు చూశాను, ఆమె భుజం మీది చేతిని. నల్లరాయి ఉంగరం.

మార్పులకు ఆమె ఒప్పుకుంటోందన్నాడు.

ఆమె కెమెరాలోకి సూటిగా చూస్తోంది. పెదవులు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. వెనక ఉన్న ఆయనకు అవి కనిపించవు.

ఆ చెయ్యి భుజం మీంచి మెడ వైపు జరిగింది. కాల్ కట్ అయింది.

మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేశాను.

జర్మన్‌లో ఒకటి. రెండు. మూడు.

పదిహేడు దగ్గర ఆగింది.

ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేశాను. ఎక్స్‌టెన్షన్ సంగతి గుర్తొచ్చింది, అయినా చేశాను. అడ్రస్ చెప్పాను.

ప్రమాదంలో ఉన్నానని ఆమె మీతో చెప్పిందా, అని అవతలి ఆవిడ అడిగింది.

"చెప్పింది" అన్నాను.

ఏం చెప్పిందో, ఆమె అన్నది అన్నట్టే చెప్పమంది.

నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను.