మంగళ, శుక్రవారాల క్లాసు

“నలభై ఏడేండ్లకు క్లాసేంది వసంతా? వింటే నవ్వుతరు,” అన్నాడు ముకుందం, దుకాణంలో పాప్లిన్ బట్ట తాను చుడుతూ.

“నవ్వితే నవ్వనీయండ్రి. మెదడుకు ముసలితనం ఉంటదా? నేర్పితే నేర్చుకుంటది,” అంది వసంత, ఆధార్ కార్డు బ్యాగులో వేసుకుంటూ.

“ఇంతకూ ఏం క్లాసది?”

“మొత్తం నేర్చుకున్నంక చెప్తా.”

చెప్పులేసుకుని వెళ్లిపోయింది. రెండు నెలలుగా ఇదే వరస. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండింటి బస్సుకు మొయినాబాద్ పోతుంది, చీకటి పడేలోపు వస్తుంది. చేవెళ్లలో ముప్పై ఏళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్నాడు ముకుందం. తనకు తెలియని సంగతి ఒకటి భార్య దగ్గర ఉండడం ఇదే మొదటిసారి. ఎవరిమీద కోపం చూపించాలో తెలియక ఆడవాళ్ల ఫ్రీ బస్సును తిట్టుకున్నాడు.

క్లాసు ఒక్కటే అయితే ఓర్చుకునేవాడే. ఇంట్లో కూడా ఏదో జరుగుతోంది. హాల్లోని టీపాయ్ తీసి పనిమనిషి సంగమ్మకు ఇచ్చేసింది. గుమ్మం పక్క చెప్పుల స్టాండు మాయమైంది. అడిగితే, “ఊకె తాకించుకుంటున్నరు గదా,” అంటుంది. మనిషన్నాక కాలికి ఏదో ఒకటి తగలదా? ఇల్లు విడిచి పోయేవాళ్లు ముందుగా సామాను వదిలించుకున్నట్టుంది అతనికి. అతని బండి కూడా రిపేరని చెప్పి షెడ్డులో పెట్టించింది. తన వెనక రాకుండా చేసిన ఏర్పాటే అది, ఇంకేముంది!

ఫోన్లో ‘వేణుమాధవ్ సార్’ అని పేరు పడితే చాలు, వసంత వరండాలోకి పోతుంది. మాట్లాడుతూ నవ్వుతుంది. ఆ నవ్వు తను విని ఎన్నేళ్లయిందో!

పొద్దున్నే అతని కళ్లలో చుక్కల మందు వేయడం మాత్రం మానలేదు. ఆర్నెల్ల కింద కంటి క్యాంపు వాళ్లు పట్నంలో పెద్ద పరీక్షలు చేయించుకొమ్మన్నారు. పెళ్లిళ్ల సీజను. పరీక్షలు చేయించుకుని వచ్చాడు గానీ, రిపోర్టులకు మళ్లీ పోవడం కుదరలేదు. వసంతే పోయి వచ్చి, “ఏం లేదట, కండ్లు పొడిబారినయట,” అంది. అప్పట్లో దాచడం ఎరుగని మనిషి.

మొన్న సాయంత్రం దుకాణంలో కూర్చుని, “కండ్లు మూసుకొని చెప్పండ్రి, ఇదేం బట్ట?” అని ముక్కలు చేతిలో పెట్టింది.

“మల్లు. ఇది టెర్రికాటన్. ఇది మన పాప్లినే.”

“మీ వేళ్లకు సాటి లేదు!”

కాపురానికొచ్చి ఇన్నేళ్లలో లేని పొగడ్త. తప్పు చేసినవాళ్లే ఇట్లా పొగుడుతారని ముకుందం తేల్చేసుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

శుక్రవారం షట్టరు దించి, అదే బస్సులో వెనక సీట్లో తువాలు కప్పుకుని కూర్చున్నాడు. మొయినాబాద్‌లో దిగిన వసంత ఒక గల్లీలోకి తిరిగింది. వెంటపడిన ముకుందం, ఎవడో పక్కన ఆపిన బండికి గుద్దుకుని మోకాలు గీరుకున్నాడు. దానికి కూడా ఆ వేణుమాధవ్‌నే తిట్టుకున్నాడు.

నీలం గేటున్న ఇల్లు. కిటికీలోంచి చూశాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ఇంట్లో కూడా నల్లద్దాలు. ఏం సోకు! అతను వసంత చూపుడువేలు పట్టుకుని కాగితం మీద నడిపిస్తున్నాడు. వసంత కళ్లు మూసుకుని ఉంది. ముకుందానికి ఒళ్లు మండిపోయింది. తలుపు తోసుకుని లోపలికి దూసుకుపోయాడు.

“వసంతా!”

ఆమె ఉలిక్కిపడి లేచింది. ఆ మనిషి మాత్రం ముకుందం వైపు మొహమైనా తిప్పలేదు.

“ఎవరక్కా?”

“మా ఆయన, సార్.”

“అరె, రాండ్రి సేటూ!” అంటూ లేచి, ముకుందం లేని వైపు చెయ్యి చాపాడు.

ముకుందం ఆ చెయ్యి మీంచి బల్ల వైపు చూశాడు. బల్ల మీది కాగితంపై అక్షరాల్లేవు, అన్నీ సన్నని బుడిపెలే.

“లారీ నడిపెటోన్ని సేటూ. నలభై అయిదేండ్లకు చూపు పోయింది. ఇగ బతుకు అయిపోయిందనుకున్న. ఏడాదిల ఈ చుక్కల చదువు నేర్చిన, ఇప్పుడు నలుగురికి నేర్పుతున్న. వేళ్లతోని చూసుడు మెదడే అలవాటు చేసుకుంటది. అక్క మస్తు కష్టపడుతున్నది. ఎప్పుడు ఫోన్ చేసినా మీ ముచ్చట్లే చెప్పి నవ్వుతది.”

ముకుందం సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ వెంటనే గుండె మీది బరువంతా దిగిపోయింది. రెండు నెలల అసూయకు తనకే నవ్వొచ్చింది.

“చూపు లేని పిల్లలకు టీచర్‌వైతవా ఏంది? ముందే చెప్తే నేనే తెచ్చి దింపుదును గదనే!”

వసంత నవ్వలేదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అతని చూపుడువేలు తీసుకుని కాగితం మీద ఆనించింది.

“ఇది మీ పేరు. మెల్లగ తడమండ్రి.”

“నాకెందుకే ఇది?”

“మీ రిపోర్టుల ఏం లేదని అబద్ధం చెప్పిన.”